పెరటి కోడికి పారుడు పట్టిందా? రెట్ట చూసి, మేత సంచి తడిమి ఏం చేయాలో తేల్చుకోండి

కోడి తన జబ్బును దాచుకుంటుంది. నలతగా కనిపిస్తే మందలోని మిగతావి పొడుస్తాయి, పిల్లికీ గద్దకూ లోకువైపోతుంది. అందుకని ఒంట్లో ఓపిక ఉన్నంతసేపూ మేస్తున్నట్టే కనిపిస్తుంది. ఈకలు ఉబ్బించుకుని మూలన కళ్లు మూసి తూగుతోందంటే అప్పటికే జబ్బు మొదలై ఒకటి రెండు రోజులైందని అర్థం. ఆ రెండు రోజుల ముందే విషయం చెప్పేది రెట్ట. కోళ్లు పెంచేవాళ్లు నేర్చుకోవాల్సిన మొదటి విద్య రెట్టను చూడటమేనని నా గట్టి నమ్మకం.

రెట్ట పల్చబడగానే మెడికల్ షాపుకు పరుగెత్తి, మనుషుల విరేచనాల బిళ్ల తెచ్చి, నలిపి నోట్లో పోయడం చాలా ఇళ్లలో అలవాటు. కానీ పారుడు అనేది ఒక్క జబ్బు కాదు. ఎండకు నీళ్లు ఎక్కువ తాగినా పారుతుంది. బూజు పట్టిన నూకలు తిన్నా, పేగుల్లో పరాన్నజీవి చేరినా, కొక్కెర తెగులు అనే వైరస్ జబ్బు సోకినా పైకి కనిపించేది పారుడే. చేయాల్సింది మాత్రం ఒక్కోదానికి ఒక్కోటి. ఎండ వల్ల వచ్చిన పారుడుకైతే అసలు మందే అక్కర్లేదు. కాబట్టి ముందు కారణం పట్టుకోవాలి. అది ఎలాగో వరుసగా చెబుతాను.

ముందు కోడి కడుపు సంగతి

కోడికి పళ్లు లేవు. ముక్కుతో ఏరుకున్న గింజ నేరుగా మెడ అడుగున, రొమ్ముకు కుడివైపున ఉండే మేత సంచిలోకి వెళ్లి నానుతుంది. అక్కడి నుంచి జీర్ణరసాలు ఊరే చిన్న పొట్టలోకి, ఆ తర్వాత కందనకాయలోకి జారుతుంది. మనం కూరలో ఇష్టంగా తినే ఆ గట్టి కండరమే కోడికి తిరగలి. అయితే తిరగలికి రాయి కావాలిగా, అందుకే కోడి చిన్న చిన్న రాళ్లు మింగుతుంది. నలిగిన మేత పేగుల్లోకి వెళ్తుంది. పేగుల చివర రెండు పిల్ల పేగులు ఉంటాయి, వాటికి ఒక కొస మూసుకుపోయి ఉంటుంది. వీటిని సీకాలు అంటారు. రక్త పారుడు గురించి చెప్పేటప్పుడు వీటి ప్రస్తావన మళ్లీ వస్తుంది.

మలం, మూత్రం, గుడ్డు మూడూ ఒకే ద్వారం గుండా బయటికి వస్తాయి. కోడి విడిగా మూత్రం పోయదు. రెట్ట మీద కనిపించే తెల్లటి సున్నం లాంటి పొరే దాని మూత్రం.

మొదటి పని: పొద్దున మేత సంచి తడిమి చూడండి

రాత్రి గూటికి చేరేటప్పుడు కోడి మేత సంచి నిండుగా, ఉబ్బెత్తుగా ఉండాలి. తెల్లవారి గూడు తలుపు తీసేసరికి అది ఖాళీ అయి, చేతికి దొరకనంత చిన్నదిగా మారాలి. ఈ రెండు వేళలూ గుర్తుంచుకుంటే సగం పని అయిపోయినట్టే.

పొద్దున మేత వేయకముందే కోడిని చంకలో పెట్టుకుని, మెడ కింద కుడివైపు వేళ్లతో మెల్లగా తడమండి. ఖాళీగా ఉంటే సరే. గట్టిగా పిండి ముద్దలా తగిలితే మేత అడ్డం పడినట్టు. నీళ్ల సంచిలా మెత్తగా ఊగుతూ, నోటి దగ్గర పులిసిన వాసన వస్తుంటే సంచి పులిసినట్టు. సాయంత్రం కూడా ఖాళీగానే ఉందంటే ఆ కోడి రోజంతా మేయలేదన్నమాట. దాని మీద కన్ను వేసి ఉంచాలి.

అదే చేత్తో రొమ్ము ఎముక కూడా తడిమి చూడండి. రెండు పక్కలా కండ నిండుగా ఉండాలి. ఎముక కత్తి అంచులా చేతికి తగులుతుంటే కోడి చాలా రోజులుగా చిక్కిపోతోందని తెలుస్తుంది. ఈకల వల్ల ఆ చిక్కడం కంటికి కనపడదు.

పది కోళ్లున్న ఇంట్లో రోజూ అన్నిటినీ పట్టుకోవడం కుదరదు, అవసరం కూడా లేదు. తలుపు తీయగానే బయటికి ఉరకనిదాన్ని, మేత గుంపులో వెనకబడినదాన్ని పట్టుకుని చూస్తే చాలు.

రెండో పని: రెట్టను చూసి అర్థం చేసుకోండి

గూటి కింద ఒక పాత సిమెంటు బస్తానో అట్ట ముక్కనో పరవండి. రాత్రి పడిన రెట్టలన్నీ పొద్దున ఒకచోట కనిపిస్తాయి. నేల మీద, మట్టిలో కలిసిపోయాక ఏదీ తెలియదు.

మంచి రెట్ట గోధుమ రంగులోనో బూడిద రంగులోనో కాస్త గట్టిగా, ఆకారం నిలిచేలా ఉండి, పైన తెల్లటి టోపీ పెట్టుకున్నట్టు ఉంటుంది. దీంతో పాటు రోజులో రెండు మూడు సార్లు సీకాల నుంచి వచ్చే రెట్ట ఒకటి పడుతుంది. అది ముదురు గోధుమ లేదా ఆవాల రంగులో జిగురుగా, ఘాటు కంపు కొడుతూ ఉంటుంది. కొత్తగా కోళ్లు పెంచేవాళ్లు దీన్ని చూసి విరేచనం అనుకుని టెన్షన్ పడతారు. అది మామూలే. నిజానికి ఆ రెట్ట పడటం ఆగిపోతేనే ఆలోచించాలి. పొదిగే పెట్ట కూడా రోజుకు ఒకటి రెండు సార్లే గూటి నుంచి లేచి, పెద్ద ముద్దగా, భరించలేని వాసనతో వేస్తుంది. అదీ జబ్బు కాదు.

ఇక జాగ్రత్త పడాల్సినవి:

నీళ్లలా పల్చగా ఉన్నా కోడి హుషారుగా మేస్తూ ఉంటే ముందు ఎండను, మేతను అనుమానించండి. మే నెలలో కోడి మామూలు కన్నా రెట్టింపు నీళ్లు తాగుతుంది, ఆ నీళ్లే రెట్టలో పోతాయి. దోసకాయ, పుచ్చకాయ తొక్కలు ఎక్కువ వేసినా ఇంతే.

ఆకుపచ్చ రెట్ట రెండు రకాలు. ఆకుకూరలు, గడ్డి బాగా తిన్న కోడి రెట్ట పచ్చగా ఉంటుంది, కానీ కోడి చురుగ్గా ఉంటుంది. మేత మానేసిన కోడికి కడుపులో ఏమీ లేక పైత్యరసం ఒక్కటే బయటికి వస్తుంది. అది మెరిసే ముదురు ఆకుపచ్చగా, పల్చగా ఉంటుంది. దానికి తోడు కునికిపాట్లు, గురక కలిస్తే కొక్కెర తెగులు కావచ్చు, ఆలస్యం చేయకూడదు.

ఎర్రటి రక్తం, అందులోనూ పిల్లల్లో కనిపిస్తే రక్త పారుడే మొదట గుర్తుకు రావాలి. అప్పుడప్పుడు పేగు పొర ఊడి నారింజ రంగు పీలికగా పడుతుంది. ఒకసారి కనిపించి మాయమైతే భయం లేదు. అదే పనిగా పడుతున్నా, నిజంగా రక్తం చుక్కలు ఉన్నా ఆగకూడదు.

తెల్లగా సున్నపు నీళ్లలా వేస్తూ, వారం లోపు పిల్లలు వరుసగా చనిపోతుంటే అది తెల్ల పారుడు కావచ్చు. ఇది తల్లి నుంచి గుడ్డు ద్వారా పిల్లలకు వచ్చే జబ్బు, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. పిల్లల్ని కొన్న చోటు గురించి కూడా ఆలోచించాల్సి వస్తుంది.

బియ్యపు గింజంత తెల్లటి ముక్కలు రెట్టలో కదులుతుంటే బద్దె పురుగులు ఉన్నట్టే.

మూడో పని: వేరు చేయండి, నీళ్లు పట్టండి

అనుమానం వచ్చిన కోడిని వెంటనే మిగతావాటికి దూరంగా ఒక గంప కిందో అట్టపెట్టెలోనో ఉంచండి. కింద తెల్ల కాగితం లేదా పాత గుడ్డ పరవండి. దీనివల్ల జబ్బు పాకదు, ఆ కోడి రెట్ట మాత్రమే విడిగా కనిపిస్తుంది, ఎంత తింటోందో ఎంత తాగుతోందో లెక్క తెలుస్తుంది. గాలి తగిలే నీడ పట్టున ఉంచాలి. చలికాలమైతే రాత్రి బల్బు పెట్టాలి, ఎందుకంటే జబ్బు పడ్డ కోడి ఒంటి వేడిని నిలుపుకోలేదు.

పారుడుతో చనిపోయే కోళ్లలో చాలా భాగం ఒంట్లో నీరు తగ్గిపోవడం వల్లే పోతాయి. అందుకని మందు కన్నా ముందు నీళ్లు పట్టాలి. మెడికల్ షాపులో దొరికే ఓఆర్‌ఎస్ ప్యాకెట్టును దాని మీద రాసినంత నీటిలో కలిపి ఒక రోజు ఇవ్వవచ్చు. ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలపండి. ఉప్పు అంతకు మించకూడదు. కోడికి ఉప్పు విషంతో సమానం. పచ్చడి మెతుకులు, ఉప్పు చేప ముక్కలు వేస్తే దానితోనే విపరీతమైన దాహం, నీళ్ల విరేచనం మొదలవుతాయి.

తాగలేని కోడికి సూది తీసేసిన సిరంజితో పట్టాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. కోడి నాలుక వెనకే గాలి గొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది. నోరు తెరిచి లోపలికి పోస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు పక్క అంచున ఒక్కో చుక్క వదలండి, అది మింగాక ఇంకో చుక్క. ఓపిక పట్టాల్సిన పని ఇది.

మేత సంచి గట్టిపడితే

గోనె సంచి పీచు, నైలాన్ దారం, ఎండు గడ్డి పొడవాటి పోచలు, ప్లాస్టిక్ ముక్కలు, పెళ్లి భోజనాల దగ్గర దొరికే దండల దారాలు ఇవన్నీ సంచిలో ఉండలా చుట్టుకుంటాయి. ఆ పైన మేత వచ్చి పడి, కిందికి దిగే దారి మూసుకుపోతుంది.

అన్నం, గింజలు ఆపేయండి. గోరువెచ్చటి నీళ్లు పైన చెప్పినట్టే కొద్దికొద్దిగా పట్టండి. చిన్న బ్రెడ్డు ముక్కను కొబ్బరి నూనెలో ముంచి ఒకటి రెండు తినిపించండి. నూనెను నేరుగా నోట్లో పోయవద్దు. తర్వాత సంచిని వేళ్లతో గుండ్రంగా, మెల్లగా పిసకండి. అయిదు నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు. ముద్ద మెత్తబడి చిన్నదవుతుంటే దారి తెరుచుకుంటున్నట్టు. ఒకటిన్నర, రెండు రోజులకీ కదలిక లేకపోతే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. సంచిని చిన్నగా కోసి, అడ్డం తీసేసి కుట్టే ఆపరేషన్ ఆయనకు పెద్ద పని కాదు. ఇంట్లో బ్లేడుతో కోసేవాళ్లను చూశాను. కోడికి ఆ నరకం వద్దు.

సంచి పులిస్తే దారి వేరు. అక్కడ పెరిగేది కాండిడా అనే బూజు జాతి సూక్ష్మజీవి. దానికి తీపి, పిండి పదార్థం అంటే పండగ. కాబట్టి పంచదార కలిపిన నీళ్లు, అన్నం, బ్రెడ్డు ఇవ్వకూడదు. ఒక పూట మేత ఆపి మంచి నీళ్లు మాత్రమే ఉంచి, ఆ తర్వాత కొద్దిగా పెరుగు కలిపిన మేత ఇవ్వండి. తగ్గకపోతే వైద్యుడు బూజును చంపే మందు ఇస్తాడు. తలకిందులుగా పట్టుకుని కక్కించే పద్ధతి ఊళ్లలో ఉంది. అలా కక్కేటప్పుడు ఆ పులిసిన నీళ్లు గాలి గొట్టంలోకి పోయి నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. దయచేసి ఆ పని చేయవద్దు.

రక్త పారుడు: పిల్లల్ని ఎక్కువగా పొట్టన పెట్టుకునేది ఇదే

మూడు నుంచి ఎనిమిది వారాల కోడిపిల్లలున్న ప్రతి ఇంటివాళ్లూ దీని గురించి తెలుసుకోవాలి. దీన్ని కాక్సిడియోసిస్ అంటారు. ఐమీరియా అనే కంటికి కనిపించని పరాన్నజీవి పేగు గోడలోకి చొరబడి, లోపలే పెరిగి, గోడను పగలగొట్టుకుని బయటికి వస్తుంది. కోళ్లకు వచ్చే ఐమీరియాలో ఏడు రకాలున్నాయి. వాటిలో సీకాల్లో చేరే రకం రక్తం ఎక్కువగా కారేలా చేస్తుంది. పిల్లలు ముడుచుకుపోయి ఒకదానికొకటి ఆనుకుని నిలబడతాయి. రెక్కలు వేలాడతాయి. తల మీది జుట్టు (ఎర్రటి తురాయి), కాళ్లు పాలిపోతాయి. రెట్ట ఎర్రగా పడుతుంది.

ఈ జబ్బు తడిలో బతుకుతుంది. రెట్టతో పాటు బయటికి వచ్చిన పరాన్నజీవి గుడ్డు వెంటనే ఏమీ చేయలేదు. వెచ్చదనం, తడి దొరికితే ఒకటి రెండు రోజుల్లో పక్వమై, అప్పుడు మింగిన కోడికి జబ్బు తెస్తుంది. అంటే రెట్టను ఏరోజుకారోజు తీసేస్తే, పరుపును, అంటే గూటిలో పరిచిన ఊకను, పొడిగా ఉంచితే జబ్బు గొలుసు తెగిపోతుంది. తొలకరి పడగానే ఈ జబ్బు ఊరూరా కనిపించడానికి కారణం ఈ తడే. మామూలు ఫినాయిలు, బ్లీచింగు ఈ గుడ్లను పెద్దగా ఏమీ చేయలేవు. ఎండ, పొడి, వేడి నీళ్లు మాత్రం చేస్తాయి.

మందు ఆంప్రోలియం. పశువుల మందుల షాపుల్లో 20 శాతం పొడిగా దొరుకుతుంది. సాధారణంగా లీటరు తాగే నీటికి 1.2 గ్రాముల చొప్పున 5 రోజులు, ఆ తర్వాత అందులో సగం మోతాదు మరో వారం ఇస్తారు. ప్యాకెట్టు మీద ఎంత శాతం అని రాసి ఉందో చూసి, వైద్యుణ్ని అడిగి మోతాదు ఖాయం చేసుకోండి. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలపాలి. పెరట్లో వేరే తొట్టి, గిన్నె, కారుతున్న కుళాయి కింద గుంట ఏదీ ఉండకూడదు. లేకపోతే మందు నీళ్లు వదిలేసి అక్కడికి పోతాయి. గుంపులో ఒక్క పిల్లకు కనిపించినా అన్నిటికీ ఇవ్వాలి. మిగతావీ అదే నేల మీద ఏరుకుని తిన్నాయి కదా.

చాలామంది పొరపడేది ఒకటుంది. బలం వస్తుందని అదే నీళ్లలో బి కాంప్లెక్సు కలుపుతారు. ఆంప్రోలియం బి1 విటమిన్ రూపంలో వెళ్లి, దాన్ని పరాన్నజీవికి అందకుండా అడ్డుకుంటుంది. మనమే బి1 పోస్తే మందు పని దెబ్బతింటుంది. విటమిన్లు మందు కోర్సు పూర్తయ్యాకే ఇవ్వండి.

గూడు, పరుపు

వరి ఊకను రెండు మూడు అంగుళాల మందాన పరవండి. రోజు విడిచి రోజు తిరగేయండి. గుప్పెట్లో పట్టి నొక్కి వదిలితే ఊక విడిపోవాలి. ముద్దగా ఉండిపోతే తడి ఎక్కువైనట్టు, ఆ భాగం తీసేసి పొడి ఊక వేయండి. నీళ్ల గిన్నె చుట్టూనే ఎక్కువ తడుస్తుంది కాబట్టి గిన్నెను ఇటుక మీద, కోడి వీపు ఎత్తులో పెడితే రెట్ట అందులో పడదు, నీళ్లూ చిందవు. పెద్ద కోళ్లూ చిన్న పిల్లలూ ఒకే గూటిలో వద్దు. పెద్దవాటికి జబ్బు తట్టుకునే శక్తి వచ్చేసి ఉంటుంది, వాటి రెట్ట మాత్రం పిల్లలకు ప్రమాదం.

ఏలిక పాములు, బద్దె పురుగులు

బయట తిరిగి మేసే కోడికి పురుగులు లేకపోవడం అరుదు. కొన్ని ఉన్నా కోడి తట్టుకుంటుంది. ఎక్కువైతే తింటున్నా చిక్కిపోతుంది, గుడ్లు తగ్గుతాయి, జుట్టు పాలిపోతుంది. ఏలిక పాముల గుడ్లు రెట్టతో నేల మీదికి వచ్చి ఇంకో కోడిలోకి వెళ్తాయి. బద్దె పురుగులు మాత్రం చీమలు, పేడ పురుగులు, ఈగల వంటి వాటి ద్వారా వస్తాయి. అందుకే పేడ కుప్ప మీద ఎప్పుడూ తిరిగే కోళ్లకు అవి ఎక్కువ.

మందు ఎంచుకోవడంలో ఈ తేడా గుర్తుంచుకోవాలి. పైపరజీన్ పెద్ద ఏలిక పాముల మీద మాత్రమే పనిచేస్తుంది. ఫెన్‌బెండజోల్, ఆల్బెండజోల్ ఇంకొన్ని రకాల మీద కూడా పనిచేస్తాయి. బద్దె పురుగులకు ప్రాజిక్వాంటెల్ లాంటి వేరే మందు కావాలి. ఏ పురుగు ఉందో తెలియకుండా నట్టల మందు వేస్తే డబ్బు వృథా. రెట్ట పరీక్ష చేయిస్తే అరగంటలో తేలిపోతుంది. బయట తిరిగే కోళ్లకు మన దగ్గర సాధారణంగా రెండు మూడు నెలలకోసారి వేయిస్తారు. టీకా వేయించే ముందు వారం నట్టల మందు వేయడం మంచిది. టర్కీలను కోళ్లతో కలిపి పెంచేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కోడి సీకాల్లోని చిన్న పురుగు మోసుకొచ్చే ఒక పరాన్నజీవి కోడిని పెద్దగా ఏమీ చేయకపోయినా టర్కీ కాలేయాన్ని పాడుచేసి చంపేస్తుంది.

కొక్కెర తెగులైతే ఇంటి వైద్యం లేదు

1920ల చివర్లో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో గుర్తించడం వల్ల దీన్ని మన దేశంలో రాణిఖేత్ వ్యాధి అంటాం. అదే కాలంలో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లోనూ బయటపడింది, మిగతా ప్రపంచం ఆ పేరుతో పిలుస్తుంది. ఆకుపచ్చ పారుడు, నోరు తెరిచి గురకతో ఊపిరి పీల్చడం, తర్వాత మెడ మెలితిరగడం, కాళ్లు పడిపోవడం దీని గుర్తులు. కొన్నిసార్లు ఏ గుర్తూ లేకుండా పొద్దున్నే చచ్చి పడి ఉంటాయి. ఇది వైరస్, కాబట్టి యాంటీబయాటిక్ దీని మీద పనిచేయదు. వెల్లుల్లి, పసుపు, వేపాకు ముద్ద కూడా పనిచేయదు. టీకా ఒక్కటే దిక్కు.

పిల్లకు 5-7 రోజుల వయసులో లసోటా టీకా కంట్లో ఒక చుక్క, 28 రోజుల ప్రాంతంలో మళ్లీ ఒకసారి, 8-10 వారాల వయసులో ఆర్‌2బి ఇంజెక్షన్ వేయిస్తారు. టీకా సీసా ఒక్కటి కనీసం వంద కోళ్లకు సరిపోయేలా వస్తుంది, కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి. పది కోళ్లున్న ఇంటికి అది దండగ అనిపించి వదిలేస్తారు. వీధిలో నాలుగు ఇళ్లవాళ్లు మాట్లాడుకుని ఒకే రోజు వేయించుకోండి. పక్కింటి కోళ్లకు టీకా లేకపోతే మీ కోడిపిల్లలకూ ప్రమాదమే. సీసాను ఐసు ముక్కల మధ్య తేవాలి. చొక్కా జేబులో పెట్టుకొచ్చిన టీకా నీళ్లతో సమానం.

మేతలో చూడాల్సింది

నూకలు, వడ్లు, ఇంట్లో మిగిలిన అన్నం ఇవే చాలా పెరటి కోళ్ల తిండి. కడుపు నిండుతుంది గానీ బియ్యంలో మాంసకృత్తులు 7-8 శాతమే. గుడ్లు పెట్టే పెట్టకు 16 శాతం, చిన్న పిల్లలకు 20 శాతం దాకా కావాలి. బలం లేని పేగు ఏ జబ్బుకైనా ముందు లొంగుతుంది. పది కిలోల మేత కలపాలంటే అయిదు కిలోల మొక్కజొన్న లేదా జొన్న నూక, రెండు కిలోల తవుడు, రెండు కిలోల వేరుశనగ లేదా సోయా చెక్క, 700 గ్రాముల ఉప్పు లేని ఎండు చేపల పొడి, 300 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం సరిపోతాయి. ఆల్చిప్పల పొడి విడిగా ఒక గిన్నెలో పెట్టండి, కావాల్సిన పెట్టే తింటుంది. అది గుడ్డు పెంకుకు. కందనకాయకు కావాల్సిన రాళ్లు వేరు. గచ్చు మీదో బోనులోనో పెంచేవాళ్లు సన్నటి గులక ఇసుక కూడా పెట్టాలి.

పాత పద్ధతుల్లో నాకు ఎంతో ఇష్టమైనది చెదల కుండ. కుండలో తడిపిన ఎండు గడ్డి, పేడ, గోనె ముక్క కూరి, చెదలున్న చోట సాయంత్రం బోర్లిస్తే పొద్దునకు చెదపురుగులు నిండుతాయి. పిల్లలకు అంతకు మించిన బలమైన మేత ఖర్చు లేకుండా దొరకదు. చెదల మందు కొట్టిన చోటు మాత్రం వద్దు. విత్తన శుద్ధి చేసి రంగు పూసిన గింజలు కూడా కోళ్లకు అందకూడదు, అవి పురుగు మందే.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది బూజు. వానాకాలం తడిసిన మొక్కజొన్న, వేరుశనగ చెక్కలో పెరిగే ఒక బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ పిల్లలు చనిపోతే, కారణం వాటికి వేసిన వేరుశనగ చెక్క అని తేలింది. ఈ విషం కోడి కార్జాన్ని పాడుచేస్తుంది, మేత వంటబట్టదు, టీకా కూడా సరిగా పనిచేయదు. వండినా, ఎండబెట్టినా విషం పూర్తిగా పోదు. బూజు వాసన వచ్చిన చెక్కను కడిగి, ఎండబెట్టి వేద్దామనుకోకండి, పారేయండి. మేత బస్తాను నేల మీద కాకుండా చెక్క బల్ల మీద, గోడకు జానెడు దూరంగా పెట్టండి. నెలకు సరిపడా మాత్రమే కొనండి.

పిల్లల వెనక రెట్ట అంటుకుపోతే

గుడ్డులోంచి వచ్చిన మొదటి వారంలో కొన్ని పిల్లల వెనక ద్వారానికి రెట్ట ఎండి అట్టకడుతుంది. అలా వదిలేస్తే రెట్ట బయటికి రాక చనిపోతాయి. గోరువెచ్చటి నీళ్లలో దూది ముంచి, మెత్తబడేదాకా అద్ది, మెల్లగా తుడవండి. పీకకూడదు, చర్మం ఊడి వస్తుంది. తుడిచాక ఆరబెట్టి, కాస్త కొబ్బరి నూనె రాసి బల్బు కింద వదలండి. ఎక్కువగా చలి వల్లో మరీ వేడి వల్లో వస్తుంది. మొదటి వారం 35 డిగ్రీల దగ్గర ఉంచి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించండి. పిల్లలు బల్బు కింద గుమిగూడితే చలి, దూరంగా పోయి నోరు తెరుస్తుంటే వేడి.

వైద్యుణ్ని ఎప్పుడు పిలవాలి, ఏం తీసుకెళ్లాలి

రక్తం పడినా, రెండో రోజుకీ మేత ముట్టకపోయినా, ఒకే రోజు రెండు కోళ్లకు అవే గుర్తులు కనిపించినా ఆగకండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశు వైద్య వాహనానికి ఫోన్ నంబరు 1962. ఆసుపత్రికి వెళ్తే తాజా రెట్టను శుభ్రమైన చిన్న డబ్బాలో వేసి తీసుకెళ్లండి. అంతకుముందు ఇచ్చిన మందు, మేత, టీకాల తేదీలు చీటీ మీద రాసుకోండి. చనిపోయిన కోడిని కూడా ఐసు మధ్య పెట్టి ఆ రోజే చేరిస్తే పోస్టుమార్టంలో కారణం తెలుస్తుంది, మిగతావాటిని కాపాడుకోవచ్చు.

అయితే ఒకటి రెండు రోజుల్లో మందలో చాలా కోళ్లు చనిపోతే, తల వాచి జుట్టు నీలంగా మారితే, వాటిని ముట్టుకోకండి, కోయకండి, ఎక్కడికీ తీసుకెళ్లకండి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. అలాంటప్పుడు ఫోన్ చేసి, అధికారులు వచ్చేదాకా మిగతా కోళ్లను బయటికి వదలకుండా ఉంచాలి. చచ్చిన కోళ్లను కాలవలో వేయడం మహాపాపం. ఆ నీళ్లు పది ఊళ్లకు పోతాయి.

మనుషుల యాంటీబయాటిక్ బిళ్లలు మాత్రం వైద్యుడు చెప్పకుండా వేయవద్దు. మోతాదు తెలియకుండా వేసిన మందుకు క్రిములు మొండిబారతాయి, ఆ క్రిములే గుడ్డు, మాంసం, చేతుల ద్వారా మన పిల్లల దాకా వస్తాయి. కోలిస్టిన్ అనే మందు మనుషులకు ఆఖరి అస్త్రం కాబట్టి, 2019లో కేంద్రం దాన్ని కోళ్లలో, పశువుల్లో వాడకుండా నిషేధించింది. గూడు శుభ్రం చేశాక, కోడిని పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి. చిన్న పిల్లలు కోడిపిల్లల్ని ముద్దు పెట్టుకోకుండా చూడండి.

కోలుకున్న కోడిని రెట్ట మూడు రోజులు వరుసగా మామూలుగా పడ్డాకే మందలో కలపండి. పగలు వదిలితే మిగతావి పొడుస్తాయి. చీకటి పడ్డాక గూటిలో చేరిస్తే గొడవ తక్కువ. మందు వాడిన కోడి గుడ్లు, మాంసం ఎన్ని రోజులు తినకూడదో వైద్యుణ్ని అడిగి తెలుసుకోండి. అది మందును బట్టి మారుతుంది. ఆ గడువు పూర్తయ్యేదాకా వచ్చిన గుడ్లను ఇంట్లో వాడవద్దు, అమ్మవద్దు.